మనము మైసూరుకు పోతా ఉండాము

హిందూపురంలో పొద్దున ఆరున్నరకు బెంగళూరు ప్యాసింజరు ఎక్కాను. ఆ బండికి రిజర్వేషన్ అక్కర్లేదు కానీ, కిటికీ సీటు కావాలంటే ఇరవై నిమిషాలు ముందే స్టేషన్లో ఉండాలి.

నేను వెళ్తున్నది భాషావేత్తల సభకు. భాషలో తమను బాగా ఆశ్చర్యపరిచిన సంగతిని ఒక్కొక్కరూ ఐదు నిమిషాల్లో చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్లుగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నా, ఇలాంటి సభకు నన్ను పిలవడం ఇదే మొదలు. నేను ఎంచుకున్న సంగతి 'ఎన్నో' అనే మాట. 'మీరు మీ నాన్నకు ఎన్నో సంతానం?' అని మనం సులువుగా అడిగేస్తాం. అదే ప్రశ్న ఇంగ్లీషులో అడగాలంటే ఊరంతా చుట్టి రావాలి. వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను. వినీ వినీ మా ఆవిడకు కూడా కంఠతా వచ్చేసింది.

గౌరిబిదనూరు దాటాక ఎదుటి సీట్లోని సరోజమ్మ అనే ఆవిడ చిత్రాన్నం డబ్బా తెరిచి, మూతలో నాకూ పెట్టింది. ఆమెకు బెంగళూరు బళేపేటలో గాజుల అంగడి. హిందూపురంలో బంధువుల ఇంట్లో నామకరణానికి వచ్చి తిరిగి వెళ్తోంది. నేను ఉండబట్టలేక నా ప్రసంగాన్ని ఆమె మీద ప్రయోగించాను.

"నేను నాలుగో బిడ్డను. దాంట్లో ఆశ్చర్యము ఏముండాదప్పా?" అంది.

నా ముఖం చూసి జాలిపడినట్టుంది. "ఆశ్చర్యమంటే మా అల్లుడి కథ వినండి" అని మొదలుపెట్టింది.

అల్లుడు మంజునాథ్ కన్నడిగుడు, సభలకు మైకులు కట్టే పని. పెళ్లయిన మూడో రోజు అత్తగారింటికి వచ్చి, కొత్తగా నేర్చుకున్న తెలుగులో "అత్తా, రేపు మనము మైసూరుకు పోతా ఉండాము" అన్నాడట. మనకు 'మనము' వేరు, 'మేము' వేరు. ఇప్పటి కన్నడంలో రెండింటికీ 'నావు' ఒక్కటే.

"మనము అంటే మేమూ వస్తామనే కదప్పా? తెల్లారేలోపల నేను, మా ఆయన, మా అత్త, పులిహోర, చాప, అంతా తయారు. ఒకటే రూము బుక్ చేసుండాడని మైసూరులో దిగినాకనే తెలిసింది!"

కొత్త దంపతుల విహారయాత్రకు ముగ్గురు పెద్దవాళ్లు! నవ్వుతో నాకు పొలమారింది. ఆమె నీళ్ల సీసా అందిస్తూ, "ఇది బయట చెప్పేది వద్దప్పా, అల్లుడు నొచ్చుకుంటాడు" అంది. చెప్పనని మాటిచ్చాను.

తొమ్మిదికి బెంగళూరు. స్టేషన్ నుంచి నడిచి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కితే సంపిగె రోడ్డు ఒక్క స్టేషనే. అక్కణ్ణుంచి మల్లేశ్వరంలోని హాలుకు పది నిమిషాల నడక. పదింటికి సభ మొదలైంది. కుడి ఎడమలు లేని భాష గురించి ఒకరు చెప్పారు. అక్కడ 'నీ ఉత్తరపు కాలి మీద చీమ ఉంది' అంటారట. ఈలలతోనే మాట్లాడుకునే దీవుల గురించి చెప్పిన పెద్దాయన, ఒక ఈల వేసి చూపించేసరికి గేటు దగ్గరి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

పదకొండున్నరకు, సరిగ్గా నాకు ముందు, హైదరాబాద్ అమ్మాయి ఒకతె లేచి, "నాకిష్టమైన మాట 'ఎన్నో'" అంది.

ఉదాహరణ కూడా నాదే! చప్పట్లు ఆగగానే నా పేరు పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. గుర్తున్నది ఒక్కటే. మైసూరు కథ చెప్పేశాను. అత్తగారి పేరు, పేట పేరు చెప్పలేదు. నా నిజాయితీ అంతవరకే. హాలంతా పగలబడి నవ్వింది. అంతలో మైకు కీచుమంది. వెనక సౌండు పెట్టె దగ్గర ఒకతను తల పట్టుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటకు బిసిబేళెబాత్ ప్లేటుతో నిలబడి ఉంటే అతనే వచ్చాడు.

"సార్, ఈ కథ మీకు చెప్పింది బళేపేట సరోజమ్మే కదా?"

ఊళ్లో ఇన్ని మైకులుండగా ఈ మైకే దొరకాలా? "తప్పయింది నాయనా. ఆమె చెప్పొద్దనే అంది" అన్నాను.

"పోనీండి సార్. కథలో ఒక తప్పు ఉండాది, అది చెప్పేకి వచ్చినాను. తేడా నాకు ఆ పొద్దే తెలుసు. వాకిట్లోనే నా భార్య చెవిలో చెప్పింది."

"మరి ఎందుకు ఊరుకున్నావు?"

"మా అత్తకు అత్త, ఆ అవ్వ, అప్పుడికే కారులో ముందర సీట్లో కూర్చొనుండాది సార్, కొత్త చీర కట్టుకొని. ఎనభై ఏండ్లు. మైసూరు చూసిందే లేదు. దిగవ్వా అని ఎట్ల చెప్పేది? గమ్మునుండు అని నా భార్యకు చెప్పి బండి తీసినాను. ప్యాలెస్ ముందర నుంచి అవ్వ ఒక గంట కదల్లేదు. ఇప్పుడు ఊటీకి ఎప్పుడు పోయేదని అడుగుతా ఉండాది."

"మీ అత్తకు ఈ సంగతి తెలుసా?"

"తెలీదు. నాకు తెలుగు సరిగ్గా రాదనే అనుకుంటా ఉండాది. అట్లే ఉండనీండి."

దీన్ని రాయవచ్చా అని అడిగాను. పేర్లు మారిస్తే చాలన్నాడు. మార్చాను.

సాయంత్రం తన స్కూటరు మీద నన్ను స్టేషన్లో దింపి వెళ్లాడు. ఆరింటి బండిలో యలహంక దాకా నిలబడే రావాలి, వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. ఆ తర్వాత సీటు దొరికింది, కునుకు మాత్రం పట్టలేదు. తప్పని తెలిసీ దిద్దుకోని పిల్లలకు నా సర్వీసులో ఎన్ని మార్కులు కోశానో! ఈ అల్లుడి పేపరు నా చేతికొస్తే ఎన్ని వేయాలో హిందూపురం వచ్చేదాకా తేలలేదు.