మామ్మ కవ్వం ఎత్తిన రోజు

మా చిన్నప్పుడు... పొయ్యి మీద మజ్జిగ పులుసు ఉందంటే వంటింట్లో మనిషిని ఎవరూ పిలవకూడదు. అది మా మామ్మ పెట్టిన రూలు. పుల్లమజ్జిగలో శనగపిండి కలిపి, ఆనపకాయ ముక్కలు వేసి, గరిటె ఆపకుండా తిప్పుతూ ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. కాస్త ఏమరితే విరిగి నీళ్ళు వేరు, ముద్దలు వేరు అయిపోతుంది. పైగా కట్టెల పొయ్యి... సిమ్‌లో పెట్టడానికి గ్యాసు కాదుగా!

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. రామచంద్రపురం దగ్గర పల్లెలో బాబాయి, పిన్నితో ఉండేది. నేను వేసవి సెలవులకి వెళ్ళేదాన్ని. బాబాయి రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు తోలేవాడు. ఊళ్ళో పెద్దమనిషి, ఇంట్లో మాత్రం చెయ్యి ముందు, మాట తర్వాత. అంతకుముందు ఏడాది పిన్ని మణికట్టు విరగ్గొట్టాడు. "సంసారం అన్నాక సర్దుకుపోవాలమ్మా" అని అప్పుడు పిన్నికి నచ్చజెప్పింది ఎవరనుకున్నారు... మా మామ్మే.

ఆ రోజు బాబాయి ఇద్దరు అరటి వ్యాపారస్తుల్ని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. పిన్ని పులుసు తిప్పుతోంది. మామ్మ వసారాలో స్తంభానికి తాడు వేసి పెద్ద కవ్వంతో మజ్జిగ చిలుకుతోంది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ బాబాయి కేకేశాడు.

"ఏమే, తువ్వాలేదీ? చెవుడా?"

"పులుసు పొంగు మీదుందండీ... ఒక్క నిమిషం."

"వస్తావా, నన్నే రమ్మంటావా?"

ఆ మాటకి పిన్ని గరిటె వదిలేసి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి పులుసు విరిగిపోయింది. వేరే చేసే వ్యవధి లేక, భయపడుతూనే గిన్నెలో పోసి తెచ్చింది.

ఆకులో పడ్డ పులుసు చూడగానే బాబాయి మొహం ఎర్రబడింది. "నలుగురిలో నా పరువు తీస్తావే!" అంటూ గిన్నె లాక్కుని పిన్ని మీదకి విసిరాడు. సలసలా కాగే పులుసు మెడ మీంచి చెయ్యంతా కారింది. పిన్ని కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అంతటితో ఆగాడా... జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి చంపేస్తాడనే అనుకున్నాను. వచ్చిన పెద్దమనుషులిద్దరూ తలలొంచుకుని ఆకుల వంక చూస్తూ కూర్చున్నారు. సిగ్గులేని జన్మలు!

వసారాలో కవ్వం చప్పుడు ఆగిపోయింది.

మజ్జిగ కారుతున్న కవ్వంతోనే మామ్మ లోపలికొచ్చింది. మొదటి దెబ్బ బాబాయి వీపు మీద పడింది. వెనక్కి తిరిగేసరికి రెండోది మొహం మీద. కనుబొమ్మ చిట్లి నెత్తురు బొటబొటా కారింది.

"అమ్మా! పిచ్చెక్కిందా నీకు?"

"పిచ్చే ఎక్కిందిరా! పొంగు మీదున్న పులుసు వదిలేసి రమ్మన్నదెవడ్రా? దాని చెయ్యి విరగ్గొట్టిననాడే నీకిది పడాల్సింది. నోర్మూసుకున్నాను... నా బుద్ధి గడ్డి తింది!"

మాటకో దెబ్బ. బాబాయి చెయ్యెత్తాడు.

"కొట్టరా! కన్నతల్లిని కూడా కొట్టు!"

ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగిపోయింది.

నేను పిన్ని చేతి మీద కుండలోని చల్లనీళ్ళు పోశాను. మామ్మ పొయ్యి దగ్గర మిగిలిన ఆ విరిగిన పులుసే తెచ్చి బాబాయి అన్నంలో ఒంపింది. "తిను" అంది. కవ్వం ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. నెత్తురు అన్నంలో పడుతున్నా, తలెత్తకుండా మొత్తం తిన్నాడు.

అలాగని బాబాయి దేవుడైపోయాడని చెప్పను. నోటి దురుసు పోలేదు. చెయ్యి మాత్రం మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు మామ్మ లేదు... కట్టెల పొయ్యీ లేదు. మజ్జిగ మిక్సీలో తిప్పేస్తున్నాం. మొన్న వెళ్ళినప్పుడు పిన్ని మజ్జిగ పులుసు పెడుతోంది. చేతి మీద మచ్చ అలాగే ఉంది. హాల్లోంచి బాబాయి, "తువ్వాలెక్కడ పెట్టావ్?" అని అరిచాడు.

పిన్ని వెనక్కి కూడా తిరగలేదు. "పులుసు పొయ్యి మీదుందండీ" అంది.

అంతే... ఆయనే లేచి వెతుక్కున్నాడు.

మామ్మ కవ్వం ఇంకా వంటింటి గోడకి వేలాడుతోంది. దాంతో చిలికేవాళ్ళు లేరు, కానీ పిన్ని దాన్ని అక్కణ్ణించి తియ్యనివ్వదు.

మీ ఇంట్లో కవ్వం ఎవరి చేతిలో ఉండేదండీ?