గేటు దగ్గర దొరికిన అన్నం పొట్లం

మలయాకు ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. యూనివర్సిటీ సెలవుల్లో నేను ఇప్పటి తెలుక్ ఇంటాన్ దగ్గరి రబ్బరు ఎస్టేటులో మన తెలుగు కూలీలకు చదువు చెప్పడానికి వెళ్లేదాన్ని. ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె ఉండేది. అడవిలోని తిరుగుబాటుదారులకు చేరుతుందని గుప్పెడు అన్నం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు.

మా నాన్న పక్క ఎస్టేటులో గుమాస్తా. దొరల పక్షం మనిషి కూతురినన్న బెరుకుతో నాతో ఎవరూ చనువుగా మాట్లాడేవారు కాదు. అప్పలమ్మ అనే ముసలావిడ ఒక్కతే పలకరించేది. ఒకరోజు క్లాసు అయ్యాక, "ఆకలితో ఎల్తావేటమ్మా?" అంటూ అరిటాకులో అన్నం కట్టి నా సంచిలో పెట్టింది. వద్దంటే బాధపడుతుందని ఊరుకున్నాను.

గేటు దగ్గర పోలీసు పొట్లం విప్పి, "ఎవరిచ్చారు?" అని గద్దించాడు. నన్ను సాగనంపడానికి వచ్చిన అప్పలమ్మ ముందుకొచ్చింది.

"నానే ఎట్టినాను. పంతులమ్మకేటీ తెలీదు."

నేను కాదనలేదు. ఆమెను జీపెక్కించి తీసుకెళ్లారు.

రెండు రోజులకు వదిలేశారని తెలిసి మళ్లీ వెళ్లాను. క్లాసుకు ఒక్కరూ రాలేదు. పలకలు ముందు పెట్టుకుని చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాను. చివరికి అప్పలమ్మ వచ్చి నా ముందు అన్నం పళ్లెం పెట్టింది.

"ఈడే తినేసి ఎల్లు లా," అని మలయా మాటతీరులో చెప్పి, నేను తల ఎత్తేలోపే వెళ్లిపోయింది.

కూలీలకు చదువు చెప్పడానికి వెళ్లినదాన్ని. ‘నాకు తెలుసు’ అన్న రెండు మాటలు మాత్రం చెప్పలేకపోయాను.