ఆందోళన కాదు, రంది

పొద్దున జనగామలో మటన్ దుకాణం ముందు నిలబడితే, "అవ్వా, కార్జం జర ఎక్కువ ఎయ్యాల్నా?" అని అడిగాడు దుకాణపాయన. వద్దన్నాను. దవాఖాన కాగితాల్లో దాన్నే కాలేయం అంటారు. ఆ మాట వింటే మా తమ్ముడు, పట్నం దవాఖాన, అక్కడి తిక్క ప్రశ్నలు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండుతుంది.

మా తమ్ముడిది చిట్యాల. కల్లు కూడా ముట్టనివాడు. ఎన్నడో వచ్చిన కామెర్లు లోపలే ఉండిపోయి కార్జాన్ని గట్టిపరిచాయి. ఊరు మాత్రం తాగి చెడగొట్టుకున్నాడని తీర్పు చెప్పేసింది. మొదట్లో వాడు నవ్వేవాడు. తర్వాత నవ్వు మానేశాడు, ఆ తర్వాత గోలీలు మానేశాడు. ఎందుకురా అంటే "మంచిగనే ఉన్న అక్కా" అంటాడు. పసుపు రాసిన గడపలాంటి కళ్లేసుకుని మంచిగ ఉన్నాడట! గోలీలు ఆపితే మనిషి దక్కడని డాక్టరు ముందే చెప్పాడు. అందుకే రైలెక్కించి పట్నం దవాఖానకు లాక్కుపోయాను.

అక్కడ డాక్టరు కన్నా ముందు ఒక అమ్మాయి కాగితం పట్టుకుని కూర్చుంది. రోగమే కాదు, మనసెట్లా ఉందో, బతుకెట్లా నడుస్తుందో కూడా చూస్తారట. మంచిదే అనుకున్నాను.

"గత రెండు వారాలలో మీకు ఆందోళన కలిగిందా?"

తమ్ముడు సర్దుకుని కూర్చున్నాడు. "ఆందోళనలా? అప్పట్ల శాన చేసినం బిడ్డా. రైలు పట్టాల మీదనే కూసున్నం. రాష్ట్రం వచ్చినంక ఇంకేం ఆందోళన?"

ఆ పిల్ల 'లేదు' దగ్గర గీత పెట్టింది.

"జీవన నాణ్యత ఎలా ఉంది?"

"నాణ్యతకేం బిడ్డా, రేషన్ల సన్నబియ్యమే ఇస్తున్నరు."

ఇంకో గీత. నేను కాగితం గుంజుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది మనవలు పుట్టాక. అప్పటి నుంచి బస్సు బోర్డు మొదలు గోలీల డబ్బా దాకా ఏదీ వదలను. కూడబలుక్కుని చదివితే ప్రతి అక్షరం తెలిసిందే, ఒక్క మాటా మాది కాదు.

"గిది ఎవలి తెలుగు బిడ్డా? గిట్లడిగితే వాడు పుట్టిన కాడికెల్లి మంచిగనే ఉన్నడని రాసుకుంటవ్. రంది ఉన్నదా అని అడుగు."

"రంది అంటే ఏంటమ్మా?"

మనసును తినే దిగులని నేను చెప్పేలోపే తమ్ముడు తల వంచుకున్నాడు. "ఉన్నది" అన్నాడు. "పెండ్లిల బంతిల కూసుంటె పక్కపొంటి ఆయన ఇస్తరి ఇడిచిపెట్టి లేచి పోయిండక్కా, తాగుబోతోని రోగం అంటుకుంటదని. ఇంటికొచ్చి గోలీలు చూస్తె, గివి మింగి ఎవల నడుమ బతకాలె అనిపిచ్చింది."

"గా ముచ్చట చెప్పనీకి రైలెక్కి ఇంత దూరం రావాల్నారా?" అని కసిరాను. చేయి మాత్రం వాడి వీపు మీద నుంచి తీయలేదు. ఆ అమ్మాయి గీతలన్నీ కొట్టేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. డాక్టరు వాడిని మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపాడు.

ఇప్పుడు గోలీలు మింగుతున్నాడు, నన్ను తిట్టుకుంటూనే. ఫోన్లో రంది ఉన్నదారా అంటే "జరంత" అంటాడు. ఆ "మంచిగనే ఉన్న" కన్నా ఈ జరంతనే నేను నమ్ముతాను. కాగితానికి కావలసింది రెండు వారాల సంగతే. మా తమ్ముడు మాత్రం ఆ పెండ్లి బంతిలో ఇంకా కూర్చునే ఉన్నాడు, పక్కన విస్తరి ఖాళీగా.