దగ్గు తగ్గినా ఆగని మందు

నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. ఏళ్ల తరబడి నా పక్క మైకు దగ్గర ఒక అక్క ఉండేది. గోదావరి జిల్లా మనిషి. ఆదివారం చర్చిలో పాడేది, మిగతా రోజుల్లో తెలుగు రాని హీరోయిన్లకు గొంతిచ్చేది. ఏడుపు సీను వస్తే ముందు కళ్లజోడు తీసేసేది. ఎందుకని అడిగితే, "కళ్లజోడుతో ఏడవడం రాదే నాకు" అనేది.

ఒక వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. సినిమా విడుదల దగ్గరపడింది. ఎవరో చెప్పిన సిరప్ తాగితే దగ్గు ఆగింది, పనీ పూర్తయింది. దగ్గు పోయింది కానీ సీసా మాత్రం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

తాగుడు మానలేని వాళ్లు నాకు తెలుసు. మత్తు పొడుల గురించి టీవీ వార్తలు చూశాను. మరి దగ్గు లేకుండా దగ్గుమందు ఎందుకు? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. సీసా మీద పేరు చూసి ఫోన్‌లో వెతికాను. అందులో నల్లమందు జాతి మందు ఉందట. నల్లమందు వేసుకుని అరుగుల మీద జోగే ముసలివాళ్ల గురించి మా అమ్మమ్మ చెప్పేది. అది ఇలా పండ్ల వాసనతో, జూబ్లీ హిల్స్ మందుల షాపు సంచిలో కూడా వస్తుందని నేననుకోలేదు.

కొన్నాళ్లకు ఆమె మాట నెమ్మదించింది. "ఏందక్కా, హీరోయిన్ నోరు మూసినంక నీ మాట వస్తుంది. జర తొందరగ చెప్పు" అని అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు అనేవాడు. ఆమె నవ్వేది. ఒక మధ్యాహ్నం తన వంతు కోసం చూస్తూ నిలబడే కునుకు తీసింది. చేతిలో కాగితాలు జారిపోయాయి. ఇంజనీరు పరుగున వచ్చి పట్టుకున్నాడు. "పని రేపు చూద్దాం. అక్కను ఇంటికి తీస్కపో" అన్నాడు నాతో.

కారులో ఉండబట్టలేక అడిగాను. "అది తాగితే ఏమవుతుందక్కా?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లోకి లాక్కుంది. "మొదట్లో ఎవరో దుప్పటి కప్పినట్టుండేది. ఇప్పుడు ఏమీ ఉండదే. తాగకపోతే మాత్రం ఒళ్లంతా నొప్పులు, నిద్రుండదు. మామూలుగా ఉండటానికే తాగుతున్నాను."

"బావగారికి తెలుసా?"

"దగ్గనుకుంటున్నారు."

మధురానగర్‌లో వాళ్లింటికి చేరాక ఆయనకు తనే చెప్పేసింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. "ఇంట్లో నాకు వినపడని దగ్గేంటా అనుకుంటూనే ఉన్నాను. అడగడానికే భయమేసింది" అన్నాడాయన. మర్నాడు డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లారు.

ఒకసారి మానేసి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి ఆసుపత్రిలో చేరింది. మానడం ఒక్కసారితో అయ్యే పని కాదని అప్పుడే నాకు తెలిసింది. ఈలోగా హీరోయిన్ల గొంతులు వేరేవాళ్లకు వెళ్లిపోయాయి. తిరిగొచ్చాక తల్లి పాత్రలు, పోలీసాఫీసర్లు ఇస్తున్నారు. గొంతులో చిన్న జీర వచ్చింది. ఆ పాత్రలకు అది బాగానే ఉంది.

ఈమధ్య ఆమెకు మళ్లీ దగ్గొచ్చింది. జూబ్లీ హిల్స్ కొండ మీదున్న క్లినిక్‌కు నేనే తీసుకెళ్లాను. కుర్చీలో కూర్చోకముందే, "డాక్టరు గారూ, నేను దగ్గుమందుకి అలవాటు పడి బయటపడినదాన్నండీ. అలాంటిది రాయకండి" అంది. ఊరి పేరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్నది ఆపి, ఇంకో రెండు ప్రశ్నలడిగి, వేరే మందు రాసింది.

బయటికొచ్చాక అడిగాను. "సిగ్గేయలేదా అక్కా?"

"మొదట మా పాస్టరు గారి భార్యకి చెప్పినప్పుడు చచ్చేంత సిగ్గేసింది. ఆవిడ నన్ను తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత చెప్పడం అలవాటైపోయింది."

"ఇంకా తాగాలనిపిస్తుందా?"

"నిన్న అనిపించింది. మీ బావగారికి చెప్పాను. ఇద్దరం కూరగాయలకి వెళ్లొచ్చాం."

అంతకంటే పెద్ద రహస్యమేదో చెబుతుందని ఎదురుచూశాను. కానీ ఆమె దగ్గు అందుకుంది. కొండ దిగేదాకా దగ్గుతూనే ఉంది. ఒక టీ కొట్టు దగ్గర కారాపి వేడినీళ్లు అడిగి తెచ్చాను.