నర్సీపట్నంలో రెండు బ్యాండ్లు, ఒక సాక్సాఫోన్

మా ఆయన సాక్సాఫోన్ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి మొన్న ఆదివారం నర్సీపట్నం వెళ్ళాను. పెళ్ళి మేళాల్లో ఆయన వాయించినది. ఆయన పోయి మూడేళ్ళ నాలుగు నెలలు. జాజ్‌ను మన వాద్యాలతో కలిపే ఫ్యూజన్ బ్యాండ్లు అక్కడ రెండున్నాయి. ఆ సాక్సాఫోన్ మాకిమ్మంటూ నీలికొండ వాళ్ళు పదకొండుసార్లు, ఉప్పుగాలి వాళ్ళు తొమ్మిదిసార్లు ఫోన్ చేశారు. రెండూ ఆ రోజు ఒకే కల్యాణమండపంలో వాయిస్తాయని తెలిసి, విన్నాకే ఇద్దామనుకున్నాను.

మా యలమంచిలికి తొమ్మిది పదికి రావలసిన బస్సు తొమ్మిది ఇరవై రెండుకి వచ్చింది. సాక్సాఫోన్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. ఆడవాళ్ళకు ఉచితం కనుక కండక్టరు సున్నా టిక్కెట్టు ఇచ్చి పెట్టెవంక చూశాడు.

"ఇదేటి మామ్మగారూ, ఆడపెట్టా మగపెట్టా? మగదైతే టిక్కెట్టు కొట్టాల."

"మా ఆయనది బాబూ."

"అయితే ఒళ్ళోంచి దించకండి. సీటడిగితేనే డబ్బులు."

బస్సంతా నవ్వింది. చెరుకుతోటలు దాటాక నాకు కునుకు పట్టింది. పెట్టెలోంచి ఆయన వాయిస్తున్నట్టే ఉంది. పాట కిందికి దిగి, అడుగు స్వరం దగ్గరకు రాగానే పక్కకు తప్పుకుంది. ఆ స్వరం అందులో పలకదు. "రేపు బాగు చేయిస్తానే" అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ రేపు రాలేదు.

పదకొండు అయిదుకి దిగాను. బస్సు కాంప్లెక్సు ఎదుటి మెస్సులో భోజనం తొంభై రూపాయలు. పప్పు బాగుంది, పెరుగు పలచన. మండపానికి ఆటో ఇరవై.

రెండింటికి నీలికొండ మొదలుపెట్టింది. సాక్సాఫోన్ సత్తిబాబుది, రావికమతం రైతు. వెనక డ్రమ్స్, బాస్ గిటారు, మన్యంలో థింసా ఆటకు కొట్టే డప్పు. తాళం పదహారు చుట్లు లెక్కపెట్టాను. పదహారుసార్లూ డప్పు సమం మీదే, చుట్టు మొదలయ్యే చోటే పడింది. తర్వాత ఉప్పుగాలి. సాక్సాఫోన్ నూకరాజుది, సముద్రంమీద వేటకెళ్ళే కుటుంబం. అతను ఊదడం ఆపి ఎదురుచూస్తాడు, డ్రమ్ము వెనకబడి వస్తుంది. మూడుసార్లు తాళం తప్పింది. నాలుగోసారి నా వేళ్ళే లెక్క మరిచిపోయాయి. లెక్కలు రాసుకునే నా చిన్న పుస్తకంలో నీలికొండ ఎదుట "సరి" అని రాశాను. ఉప్పుగాలి ఎదుట ఏమీ రాయలేదు.

నాలుగింటికి ఇద్దరినీ పిలిచి, ఇద్దరూ వాయించాకే ఇస్తానని చెప్పి పెట్టె తెరిచాను.

"ఆళ్ళ తాళం కెరటం లాటిదండి, వొస్తాది, పోతాది," అన్నాడు సత్తిబాబు.

"గడియారాన్ని పెళ్ళికి పిలుస్తారేట్రా?" అన్నాడు నూకరాజు.

నూకరాజు ముందు తీసుకున్నాడు. రెండు నిమిషాల్లో పలకని స్వరాన్ని కనిపెట్టి, అచ్చం ఆయనలాగే పక్కనుంచి జారాడు. కళ్ళు మూసుకున్నాను. ఆయనే.

"ఎవరు నేర్పారయ్యా నీకిది?"

"పలకనిదాన్ని బలవంతపెట్టకూడదండి. పక్కనించి పోవాల."

ఇచ్చేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ మాటంటే మాటే. సత్తిబాబుకీ అందించాను. అతను ఆ స్వరం దగ్గరే ఆగిపోయాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ ఆగాడు. వాద్యాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు.

"పైన మీట ఒదులైపోనాదండి, మూత పడక గాలి పోతంది. మీ పుస్తకానికేసిన రబ్బరు బేండు ఇలాగివ్వండి."

మీటను రబ్బరుతో బిగించి ఊదాడు. ఆ స్వరం వచ్చింది. నేలలోంచి లేచినట్టు లేచి, నా అరికాళ్ళను తాకి, మండపమంతా నిండింది. ఇన్నేళ్ళూ అదే ఇంట్లో ఉండీ నేను వినని స్వరం.

"కొట్టీసినావురా సత్తిబాబూ," అని నూకరాజే పెట్టె మూత తీసి పట్టుకున్నాడు. "ఇంకేటి ఆలోచిత్తారు మామ్మగారూ, ఆడికిచ్చీయండి."

ఇచ్చేశాను.

అయిదు నలభై బస్సుకి తిరుగు ప్రయాణం. టిక్కెట్టు సున్నా, ఒడి ఖాళీ. రబ్బరు లేని పుస్తకం గాలికి తెరుచుకుంటోంది. ఉప్పుగాలి ఎదుటి ఖాళీలో "ఆయనలాగే" అని రాశాను. నీలికొండ ఎదుట "సరి" కొట్టేసి, "ఆయన బాకీ స్వరం" అని రాశాను. జీడితోటల మీద చీకటి దిగుతోంది. ఇంజను పాట కింద ఆ స్వరం యలమంచిలిదాకా నాతో వచ్చింది.