పక్క సీట్లో బ్రేకు

మా బావ వృత్తి, పక్కన ఒకరు కారు నడుపుతుంటే భయపడటం. నన్నడిగితే అంతే చెబుతాను. బోర్డు మీద మాత్రం డ్రైవింగ్ స్కూల్ అని రాసి ఉంటుంది. బస్టాండు వెనక సందులో, పంక్చర్ షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుకు గది. గోడ నిండా రోడ్డు గుర్తుల పటం, ఒక బల్ల, విరిగిన కాలికి తాడు చుట్టిన కుర్చీ. బయట తెల్ల కారు. ఆ కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్లు పొరపాటు చేస్తే గురువుగారు తొక్కడానికి. మా అక్కను చేసుకున్న నాటికే బావ కుడి కాలు ఆ బ్రేకు మీద ఉంది. ఇప్పటికీ తీయలేదు.

ఊళ్లో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఒక్కరికీ చిన్న గీత పడలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. అయితే ఆ కాలికి వేళాపాళా లేదు. బస్సులో డ్రైవరు మలుపు తిప్పితే బావ ముందు సీటును తన్నేస్తాడు. ఆ సీట్లో వాళ్లు వెనక్కి తిరిగి చూస్తే అక్క ఏమీ అనుకోవద్దని బతిమాలుకుంటుంది. ఇంట్లో టీవీలో కారు వేగం పుంజుకుంటే చాలు, ఆయన కాలి కింద చాప ముడతలు పడిపోతుంది.

నేనూ ఒకప్పుడు ఆయన దగ్గర నేర్చుకోబోయి వారం తిరక్కుండా మానేశాను. కారు ఆగిన ప్రతిసారీ నేను ఆపానో ఆయన ఆపాడో తెలిసేది కాదు. అడిగితే, "నువ్వే ఆపావు మరదలా, భేష్!" అనేవాడు. పచ్చి అబద్ధం. నా కాలు అప్పటికింకా బ్రేకు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండేది. నేను ఇప్పటికీ బస్సులోనే తిరుగుతున్నాను, ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

సరే, నా గొడవ కాదు చెప్పాల్సింది. మా అక్కకు ఒక్కతే కూతురు. అందరం అమ్మలు అని పిలుస్తాం. ఫిజియోథెరపీ చదివింది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ల చేత మళ్లీ అడుగులు వేయించడం దాని పని. కొండ మీది ఊళ్లకు వెళ్లి ఇళ్లలోనే వైద్యం చేసే ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు ఇల్లంతా ఎగిరి గంతులేసింది. సోమవారం చేరాలి, కారు తనే నడుపుకోవాలి. లైసెన్సు ఉంది. కారూ ఉంది. స్కూల్లో అరిగిపోయాక బావ ఇంటికి తెచ్చుకున్న పాత నీలం కారు, పక్క సీటు బ్రేకుతో సహా. లేనిదల్లా తాళంచెవి. అది బావ చొక్కా జేబులో ఉంటుంది.

"ఇంకో నెల పోనీ అమ్మలూ," అన్నాడు బావ అన్నాల దగ్గర. "కొండ దారి. చెయ్యి ఇంకా కుదురుకోలేదు నీకు."

"మూడేళ్ల నుంచి అదే నెల నాన్నా."

"నిన్న ఆ మార్కెట్ మలుపులో ఏమైంది మరి?"

"కారు ఆగింది. ఎవరు ఆపారు?"

"నువ్వే," అన్నాడు బావ, మంచినీళ్ల గ్లాసు వంక చూస్తూ.

"నాకు తెలీదు నాన్నా. నీకూ తెలీదు. కారు ఆగితే ఎవరు ఆపారో నాకు తెలియాలి కదా! రేపు అక్కడ ఒక్కదాన్నే ఉంటాను." కంచం పక్కకు జరిపింది అమ్మలు. ఇన్నేళ్లుగా నా నోట్లో ఉండిపోయిన మాట ఆ పిల్ల అనేసింది.

అప్పుడు అది ఒక బేరం పెట్టింది. కొండల్లో ఒక లోయ ఉంది. అందులో వాగు వెంట పైనుంచి కిందికి దిగుతారు. తాళ్లు కట్టుకుని జలపాతాలు దిగడం, మడుగుల్లోకి దూకడం, నున్నటి రాళ్ల మీద జారడం. కాన్యనింగ్ అంటారట. కొత్తవాళ్లను గైడ్లు దగ్గరుండి దింపుతారు. "ఆదివారం నాతో రా. ఒక్కరోజు నువ్వు నేర్చుకునేవాడివి అవ్వు. కిందికి దిగాక కూడా ఇంకో నెల ఆగమంటే నోరెత్తను. ఉద్యోగం వద్దని చెప్పేస్తాను," అంది.

బావ ఒప్పుకున్నాడు. ఆ తాళ్ల మీద వేలాడితే పిల్లకే బుద్ధొస్తుందని ఆయన లెక్క. అక్క తనకు నిండు బకెట్ చూస్తేనే కళ్లు తిరుగుతాయని తప్పుకుంది. సాక్షిగా నన్ను తోలారు. అక్కడిదాకా కారు బావే నడిపాడు, అది వేరే చెప్పక్కర్లేదు.

గైడు ఒక నడివయసు ఆవిడ. మెడలో ఈల, గంటలాంటి గొంతు. ఆవిడ భర్త కూడా అదే పనిలో ఉన్నాడు. ఆవిడ పైనుంచి దింపుతుంది, ఆయన కింద నిలబడి అందుకుంటాడు. ముందుగా మాకు హెల్మెట్లు, ఒళ్లంతా పట్టేసే రబ్బరు దుస్తులు ఇచ్చారు. బావ పొట్టను అందులో సర్దడానికి అమ్మలు ఒక వైపు, గైడమ్మ ఒక వైపు పట్టి లాగాల్సి వచ్చింది. తర్వాత జేబుల్లో ఉన్నవన్నీ ఒక డబ్బాలో పెట్టమంది ఆవిడ.

"తాళంచెవి నా దగ్గరే ఉంటుంది," అన్నాడు బావ.

"ఎక్కడ పెట్టుకుంటారు సార్?"

బావ ఒళ్లంతా తడుముకున్నాడు. రబ్బరు బట్టలకు జేబులుండవు. చంటిపిల్లను అప్పగించినట్టు తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

మొదటి జలపాతం అంచున గైడమ్మ పాఠం చెప్పింది. నడుం పట్టీకి ఉన్న ఇనప కొక్కెంలోంచి తాడు జారుతుంది. కుడి చెయ్యి తుంటి దగ్గర తాడును పట్టుకోవాలి. పిడికిలి బిగిస్తే ఆగుతాం, వదులు చేస్తే దిగుతాం. పాదాలు రెండూ ఎడంగా రాతికి ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలాలి. "కింద మా ఆయన మీ తాడు కొస పట్టుకుని ఉంటారు. మీ చెయ్యి జారినా ఆయన లాగితే ఉన్నచోటే ఆగిపోతారు. ఒకసారి దిగడం మొదలుపెట్టాక వెనక్కి దారి లేదు, కిందికే."

బావ ముఖం వికసించింది. "అంటే రెండో బ్రేకు ఉందన్నమాట!"

"అలాగే అనుకోండి."

"మంచి పద్ధతి," అని తలాడించాడు, ఆ ఏర్పాటుకి తనే లైసెన్సు ఇస్తున్నట్టు.

అమ్మలు ముందు దిగింది. అది వెనక్కి వాలిన క్షణం నుంచి బావ కుడి పాదం అంచు మీది రాతిని తొక్కుతూనే ఉంది. అది నీటి తెరలో మాయమైనప్పుడు ఆయన ఊపిరి కూడా ఆగింది. కింద మడుగులో తేలి రెండు చేతులూ ఊపాక గానీ ఆయన మనిషి కాలేదు. తర్వాత నేను. కళ్లు గట్టిగా మూసుకుని దిగాను కాబట్టి వర్ణించడానికి నా దగ్గర ఏమీ లేదు. చెవుల్లో నీళ్ల హోరు, నా కేకలు, అంతే.

కింద రాతి మీద చేరి పైకి చూశాను. బావ అంచున నిలబడి వెనక్కి వాలాడు. వాలీ వాలగానే ఎడమ కాలిని మరిచిపోయి కుడి కాలితో రాతిని గట్టిగా తొక్కాడు. పాకుడు పట్టిన తడి రాయి అది, కారు కాదు. కాలు సర్రున జారింది, మనిషి పక్కకు ఊగి భుజం రాతికి కొట్టుకున్నాడు.

"బ్రేకు తొక్కాడు పిన్నీ," అంది అమ్మలు, నా చెయ్యి పట్టుకుని.

"రెండు కాళ్లూ సార్! రెండూ!" పైనుంచి గైడమ్మ అరుపు. బావ ఎలాగో కాళ్లు కూడదీసుకుని నిలదొక్కుకున్నాడు. నెమ్మదిగా సగం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. నీళ్లు హెల్మెట్ మీద పడి చిందుతున్నాయి. కదలడు.

"ఏమయ్యా, కిందాయనా! తాడు వదులు!" అని గర్జించాడు ఉన్నట్టుండి. "దిగుతున్నాను కదా, బ్రేకు ఎందుకు పట్టావ్?"

కిందాయన చేతిలో తాడు వదులుగా ఊయలలా వేలాడుతోంది. "నేను పట్టలేదు మాస్టారూ!"

"నాకు చెప్తావా? బ్రేకు పట్టిందీ లేనిదీ నాకు తెలీదా?"

నాకు నవ్వాగలేదు. ఇదే మాట నేను తెల్ల కారులో ఆయన్ను ఎన్నిసార్లు అడిగానో! అమ్మలు కూడా నవ్వబోయింది. అంతలో ఆయన మోకాళ్లు మా కంటపడ్డాయి. గడగడా వణుకుతున్నాయి. ఆయనకు భయం వేస్తోంది. ఎప్పుడూ ఇంకొకళ్ల గురించి పడే భయమే గానీ, సొంత భయం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా!" అని కేకేసింది అమ్మలు. "నీ చెయ్యే నాన్నా! నీ చెయ్యి చూసుకో!"

బావ తల వంచి తుంటి దగ్గర తన పిడికిలి చూసుకున్నాడు. ఎంతసేపో చూశాడు, అది ఎవరి చెయ్యో అన్నట్టు. తర్వాత వేళ్లు కొంచెం కొంచెంగా వదులు చేశాడు. తాడు జారింది. బావ దిగాడు. నడుంలోతు నీళ్లలో నిలబడ్డాక కూడా చెయ్యి తుంటి దగ్గరే ఉంచుకున్నాడు.

గట్టెక్కగానే కిందాయన్ను నిలదీశాడు. "నిజం చెప్పు. ఎన్నిసార్లు లాగావు?"

"ఒక్కసారీ లాగలేదు మాస్టారూ."

"మొదట్లో నా కాలు జారింది, చూశావా?"

"చూశాను. గుండె గుభేలుమంది."

"మరి లాగొద్దూ?"

"మీరు తాడు వదల్లేదు కదా. వదిలితే లాగేవాణ్నే, అందుకే ఉన్నాను. నాకు భయమేసినప్పుడల్లా లాగితే మీరు అక్కడే వేలాడుతుంటారు, ఇంక దిగేదెప్పుడు?"

"నీకూ భయమేస్తుందా?"

"ఎందుకెయ్యదూ? రోజూ వేస్తుంది," అన్నాడాయన తాడు చుట్టుకుంటూ.

బావ ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. అమ్మలు పక్కన కూర్చుని భుజం ఎక్కడ కొట్టుకుందో నొక్కి చూస్తుంటే చిన్నపిల్లాడిలా చెయ్యి అప్పగించాడు. నేను నోరున్నదాన్ని, ఎత్తిపొడవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ మనసు రాలేదు. జాలేసింది. ఇన్నేళ్లు మా అందరి కోసం పడిన భయం ఆయన కాలిలోకి దిగి అక్కడే గడ్డకట్టింది. ప్రేమగా ఒక మాట అనడం ఆ మనిషికి చేతకాదు. తొక్కడమే వచ్చు.

ఆ తర్వాత ఇంకా రెండు జలపాతాలు, ఒక జారుడు రాయి, చివర్లో ఒక దూకుడు. బావ ఎక్కడా పేచీ పెట్టలేదు. ప్రతి చోటా దిగే ముందు కుడి కాలి వంకా ఎడమ కాలి వంకా చూసుకుని, రెండూ సమానంగా పెట్టుకుని దిగాడు. మడుగులోకి మాత్రం ముక్కు మూసుకుని, ఎవరూ చెప్పకముందే దూకేశాడు. నేను అక్కడ పక్కనున్న మెట్ల దారి పట్టాను. సాక్షి దూకాలని బేరంలో లేదు.

పొద్దువాలుతుండగా బట్టలు మార్చుకుని కారు దగ్గరికి చేరాం. గైడమ్మ డబ్బాలోంచి తాళంచెవి తీసి బావకు ఇచ్చింది. అమ్మలు బూట్ల తాడు కట్టుకుంటున్నట్టు వంగి అలాగే ఉండిపోయింది. ఆ బూటు తాడు అప్పటికే కట్టి ఉంది. బావ తాళంచెవిని కాసేపు అరచేతిలో ఆడించాడు. తర్వాత అమ్మలు ముందు చెయ్యి చాపాడు.

"పద. చీకటి పడకముందే కొండ దిగాలి," అన్నాడు.

అమ్మలు స్టీరింగు ముందు కూర్చుంది. బావ వెనక సీట్లోకి వస్తాడేమోనని నేను జరిగి చోటిచ్చాను. ఆయన రాలేదు. తిన్నగా వెళ్లి పక్క సీట్లో, ఆ బ్రేకు ముందు కూర్చున్నాడు. అయిపోయింది, బుద్ధి మారదు అనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. అంతలో బావ చెప్పులు విడిచి, ఆయాసపడుతూ రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ పొట్టతో, ఆ ఇరుకులో. మోకాలు ఒకటి తలుపుకి, ఒకటి గేరుకి తగులుతున్నాయి. బెల్టు ఎలాగో లాగి తగిలించుకున్నాడు. కింద బ్రేకు ఒక్కటే మిగిలింది.

"అదేం కూర్చోవడం బావా?"

"తడి కాళ్లు. చలేస్తోంది. నీకెందుకు?"

అమ్మలు కారు కదిలించింది. కొండ దారి తాడులా మెలికలు తిరుగుతూ కిందికి దిగుతోంది. సగం దూరం వచ్చాక ఒక మలుపులో ఎదురుగా కలప దుంగల లారీ ప్రత్యక్షమైంది, దారంతా తనదే అన్నట్టు. నా రెండు కాళ్లూ నేలను తన్నాయి. ముందు సీట్లో బావ తన కాలి బొటనవేళ్లు రెండూ చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కారు నెమ్మదించింది, అంచుకు జరిగింది, ఆగింది. లారీ అద్దానికి వెంట్రుకవాసిలో దాటిపోయింది.

అమ్మలు గేరు న్యూట్రల్లోకి తెచ్చింది.

"నాన్నా," అంది అమ్మలు, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "ఎవరు ఆపారు?"

బావ బొటనవేళ్లు ఇంకా వదల్లేదు.

"నువ్వే ఆపావు," అన్నాడు.

ఆ మాట ఆయన నోట నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ సాయంత్రం మాత్రం నమ్మాను. అమ్మలు మణికట్టుతో కళ్లు తుడుచుకుని మొదటి గేరు వేసింది.