రాయ్‌తో భోగాపురం తీరానికి

భోగాపురం అవతలి సముద్రానికి నేను వెళ్ళింది సముద్రం చూడాలని కాదు. మాది నరసన్నపేటలో బట్టల కొట్టు నడుపుకునే ఇల్లు. అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే కొట్టు వదిలేసి, విజయనగరంలో ఇంగ్లీషు మాస్టరుగా చేరాను. యుద్ధం ఇంకా ముగియని ఏడాది, మాఘమాసంలో ఒక శుక్రవారం మా హెడ్మాస్టరుగారు పిలిచి, "రేపు పొద్దున్న కలకత్తా బండిలో ఒక అమెరికా సైనికుడు దిగుతాడు. భోగాపురం దగ్గర ఏదో పల్లెకి వెళ్ళాలట. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పే మనిషి కావాలట. మీరు వెళ్ళి రండి," అన్నారు. అప్పటివరకూ నేను అమెరికా వాణ్ణి దగ్గరగా చూసింది లేదు. సరేనన్నాను.

ఆరున్నరకి రావలసిన రైలు ఏడున్నరకి వచ్చింది. దిగినవాడికి ఇరవై మూడేళ్ళుంటాయి. పొడగరి. కళ్ళ కింద నిద్రలేని నీలి చారలు. కూలీ చెయ్యి చాపేలోగా సంచీ తనే భుజానికెత్తుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపి, "నన్ను రాయ్ అని పిలిస్తే చాలు," అన్నాడు. స్టేషను బయట టీ తాగుతూ తన సంగతి చెప్పాడు. వాళ్ళది మొక్కజొన్న పండించే ఊరు. యుద్ధంలో చేరేదాకా సముద్రమే చూడలేదట. బాంబులు వేసే విమానంలో పని. కిందటి శ్రావణంలో బర్మా వైపు నుంచి తిరిగొస్తుంటే విమానం మబ్బుల్లో దారి తప్పింది, పెట్రోలు అయిపోయింది. పారాచూటు గొడుగు కట్టుకుని దూకితే సముద్రంలో పడ్డాడు. తెల్లవారుజామున చేపలు పట్టేవాళ్ళు చూసి తెప్ప మీదికి లాగారు. ఒడ్డుకి చేరిన గంటలోనే పోలీసులు లారీలో ఆసుపత్రికి తీసుకుపోయారు. "ఒక చెయ్యి గుర్తుంది, ఒక గొంతు గుర్తుంది. మొహాలు గుర్తులేవు. సెలవు దొరికితే మావాళ్ళంతా డార్జిలింగు వెళ్ళారు. నేను ఇటొచ్చాను," అన్నాడు.

భోగాపురం మీదుగా వెళ్ళే బస్సు ఎనిమిదింటికన్నారు, తొమ్మిదికి కదిలింది. పెట్రోలు కరువు కదా, వెనకాల బొగ్గు పొయ్యి తగిలించిన బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడవాలి. మనిషికి ఆరణాలు. బస్సు కదిలేదాకా రాయ్ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఆలస్యమైందన్న సంగతి అతని మొహం చూశాకగాని నాకు తట్టలేదు. ఊరు దాటాక మంచు ఇంకా విడలేదు. తాటిచెట్లకి మొదళ్ళు కనిపించడం లేదు, తలలు మాత్రం తెల్లటి పాలలో తేలుతున్నాయి. కోసిన వరిచేల మీద కొంగలు ఎగురుతున్నాయో మంచే చిన్న చిన్న ముక్కలై లేస్తోందో తెలియలేదు. రాయ్ కిటికీ మీద గడ్డం ఆనించి, "మబ్బుల్లోంచి పోతున్నట్టే ఉంది, భయం మాత్రం లేదు," అని మెల్లిగా అన్నాడు.

భోగాపురంలో దిగేసరికి పదకొండు. అక్కడి నుంచి పల్లెకి నాలుగు మైళ్ళు. ఎడ్లబండికి రాకపోకలు కలిపి రూపాయిన్నర. నేను వెనక గడ్డి మీద కూర్చున్నాను. రాయ్ ముందుకెళ్ళి బండివాడి పక్కన కూర్చుని, మొట్టమొదట అతని పేరడిగాడు. బండివాడు కంగారుగా నావైపు తిరిగాడు. "నా పేరెందుకు బాబూ? నానేటి తప్పు సేసేను?"

"తప్పేం లేదు. వాళ్ళ దేశంలో అలా అడుగుతారట."

"సూరయ్య," అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ. "అందరూ బండీ అనే పిలుస్తారు. పేరడిగినోడు ఈయనొకడే." తరువాత అతనికీ ధైర్యం వచ్చింది. "మరి ఈ బాబుకి పెళ్ళయినాదా? జీతమెంతొస్తాది? అమ్మా నాన్నా ఉన్నారా? అంత దూరం ఎలగ పంపించేరు?"

ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెబుతుంటే రాయ్ చెవులు ఎర్రబడ్డాయి. జీతం సంగతి తన సొంత అన్న కూడా అడగలేదట. పేరు అడిగితే మనకి కంగారు, జీతం అడిగితే వాళ్ళకి కంగారు. ఇది బాగుందనుకుని జేబులో పుస్తకం తీసి రాసుకున్నాను. అమెరికా వాళ్ళకీ మనకీ తేడాలన్నీ రాసి బళ్ళో పిల్లలకి చెప్పాలని నా సరదా. సరుగుడు తోటల్లోంచి బండి పోతుంటే పైన గాలి సముద్రంలాగే హోరుమంటోంది. సముద్రం మాత్రం ఇంకా కనపడలేదు. కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచేసరికి ఇసుక, ఆపైన నీలం. బండి అక్కడే ఆగిపోయింది. మిగిలిన అరమైలు ఇసుకలో నడిచాం.

పల్లె మొత్తం ముప్పై తాటాకు ఇళ్ళు. కబురు మాకంటే ముందే చేరినట్టుంది. "ఆకాశంలోంచి పడ్డ బాబు వచ్చేడు!" అని ఆడవాళ్ళు బయటికొచ్చారు. రాయ్‌ని తెప్ప మీదికి లాగినవాడి పేరు గురువులు. యాభై దాటిన మనిషి, ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. అతని భార్య నూకాలమ్మ ఎండుచేపల గంప దించి మాకు చాప వేసింది. "రండి బాబూ" అన్న గురువులు గొంతు వినగానే రాయ్ నిలబడిపోయాడు. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో థాంక్స్ అంటూ ఏమేమో చెప్పాడు. అవన్నీ తెలుగు చెయ్యబోతే నాకు మాట దొరకలేదు. కృతజ్ఞత అన్నాను. "అంటే ఏటి బాబూ?" అన్నాడు గురువులు. చివరికి, "మీరు చేసిన మేలు మరిచిపోనంటున్నాడు," అన్నాను.

"మర్సిపోతే పోనీ బాబూ. నీటిలో మనిసి కనిపిస్తే తీసుకొస్తారు గాని ఒగ్గేసి వస్తారేటి?"

నూకాలమ్మ అన్నం, చేపల పులుసు వడ్డించింది. రాయ్ గురువులు తినే పద్ధతి చూసి చేత్తోనే తిన్నాడు. నేను కొబ్బరినీళ్ళు చాలన్నాను. "నువ్వెందుకు తినవు?" అన్నాడు రాయ్. మా ఇళ్ళలో చేపలు తినరన్నాను. "మరి ఉత్త అన్నం?" అన్నాడు. నేను కొబ్బరిబొండాం అందుకున్నాను. మేము ఆ ఇళ్ళలో మంచినీళ్ళు కూడా పుచ్చుకోమని నూకాలమ్మకి తెలుసు, అందుకే నన్ను రెండోసారి అడగలేదు. జేబులో పుస్తకంలో అమెరికా వాళ్ళు, మనము అని రెండు వరుసలు గీసుకున్నాను. ఆ రెండో వరుసలో నేనూ గురువులూ ఒకచోట ఎలా ఉన్నామో ఆ పూట నాకు తెలియలేదు.

తిన్నాక నూకాలమ్మ దగ్గరగా వచ్చి కూర్చుంది. "మాస్టారూ, ఒక ఊసు అడుగు. ఈ బాబు ఆకాశంలోంచి రంగం సూసేడా?" రంగమంటే రంగూన్. ఈ తీరంలో రంగం ఓడెక్కినవాళ్ళు లేని పల్లె ఉండదు. వాళ్ళబ్బాయి పద్దెనిమిదో ఏట వెళ్ళి అక్కడ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడట. జపాను వాళ్ళు వచ్చినప్పటి నుంచీ, మూడేళ్ళుగా, కార్డు ముక్క లేదు.

"చూశాను, చాలాసార్లు," అన్నాడు రాయ్. "పెద్ద నది ఒకటి మెల్లిగా వంపు తిరుగుతుంది. మబ్బు విడితే పొద్దుటి ఎండలో ఒక బంగారు గోపురం. అంత ఎత్తు నుంచి ఏ చప్పుడూ వినపడదు. ఊరంతా నీళ్ళ అడుగున నిద్రపోతున్నట్టుంటుంది." నేను చెబుతూ పోయాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఆ నదిని, ఆ గోపురాన్ని, ఒడ్డున బస్తా దించుకుంటున్న కొడుకుని తను చూస్తోందని నాకనిపించింది.

"మనుసులు అవుపిస్తారా?"

"కనిపించరు," అన్నాడు.

"మరి అంత దూరం ఏటి పనిమీద ఎల్తారు బాబూ?"

రాయ్ నావైపు తిరిగాడు. ఇంగ్లీషులో నాతో, "రేవు మీద, రైలు స్టేషను మీద బాంబులు వెయ్యడానికి వెళ్తామని చెప్పు. ఆ రేవు మీదే," అన్నాడు. నేను నూకాలమ్మ వైపు తిరిగి, "సర్కారు పని మీద వెళ్తారట," అన్నాను. ఆమె తలూపి నవ్వింది.

"నేను అంత పొట్టిగా చెప్పలేదు," అన్నాడు రాయ్. "ఆమె ఎందుకు నవ్వుతోంది?"

"తిండి పెట్టిన ఇంట్లో అలాంటి మాట చెప్పకూడదు. మా దగ్గర చెప్పరు."

"తిండి పెట్టిన ఇంట్లో దాచకూడదు. మా దగ్గర దాచరు. దయచేసి చెప్పు. చెప్పకపోతే నేనిక్కడికి వచ్చినట్టే కాదు."

ఈ మాట విన్నాక మమ్మల్ని ఏంచేస్తారన్న భయం కొంత. అంతకంటే, ఆమె కళ్ళ ముందున్న ఊరిని నా నోటితో కూల్చాలి. కానీ చెప్పవలసిన మాట అతనిది, మింగేసే హక్కు నాకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. గురువులు చేతిలో వల ఆగిపోయింది. నూకాలమ్మ లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

"వెళ్ళిపోదామా?" అని రాయ్ అడిగాడు. వాళ్ళు పంపకుండా లేవకూడదన్నాను. గురువులు వల పక్కన పెట్టాడు. "నిన్ను లాగినప్పుడు ఎక్కడి నుంచి వస్తన్నావని మేం అడగనేదు. అడిగినా తీసుకొద్దుం."

నూకాలమ్మ మొహం కడుక్కుని వచ్చి రాయ్ ఎదురుగా నిలబడింది. "మల్లీ ఎల్తాడా?"

"వెళ్ళాలి. నా చేతిలో లేదు," అన్నాడు. ఈసారి ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను.

"మూడేళ్ళ నుంచి నాకు అందరూ ఒకటే సెప్తన్నారు, వస్తాడు వస్తాడని. నువ్వు ఉన్న మాట సెప్పేవు. నాను ఆపమంటే ఆగుద్దేటి? ఆగదు. మావోడి పేరు సింహాచలం. పలుకు."

రాయ్ నోరు తిరగలేదు. ఆమె మళ్ళీ పలికించింది. ఏడెనిమిది సార్లకి సరిగ్గా వచ్చింది. "అక్కడికి ఎల్లినప్పుడల్లా ఒక్కపాలి ఆ పేరు అనుకో. అంతే," అంది. ఆపైన లోపలికి వెళ్ళి రెండు ముంతల్లో చోడి అంబలి తెచ్చింది, అదే రాగి అంబలి. ఒకటి అతని ముందు, ఒకటి నా ముందు పెట్టి ఏమీ అనకుండా నిలబడింది. నేను తాగాను. పుల్లగా, చల్లగా ఉంది.

మూడింటికి ఇసుక దాటి బండెక్కాం. రాయ్ దారంతా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. భోగాపురంలో నాలుగున్నర బస్సు దొరికింది. పొద్దువాలే వేళకి విజయనగరం చేరాం. రైలెక్కుతూ తన చిరునామా రాసి నా చేతిలో పెట్టాడు.

ఆ ఏడాదే యుద్ధం ముగిసింది. మరుసటి వానాకాలంలో ఒకనాడు బడి గేటు దగ్గర గంపతో నూకాలమ్మ నిలబడి ఉంది. విజయనగరం సంతకి వచ్చిందట. వాళ్ళ తీరం మనిషొకడు రంగం నుంచి తిరిగొచ్చి కబురు తెచ్చాడు. జపాను వాళ్ళు వచ్చిన ఏడాదే సింహాచలం రేవు వదిలి, నడిచి వచ్చేవాళ్ళ గుంపులో కలిసి కొండదారి పట్టాడు. ఆ దారిలోనే జ్వరంతో పోయాడు. పక్కన నడిచిన ఈ మనిషే మట్టి చేసి, ముందుకి పోలేక అప్పుడు రంగానికే తిరిగిపోయాడట. ఆమె ఏడవకుండా ఇదంతా చెప్పి, "ఉత్తరం రాయండి బాబూ," అంది. సర్కారుకేదో అర్జీ అనుకుని కాగితం తీశాను.

"సర్కారుకి కాదు. ఆ రాయి బాబుకి. మావోడు ఆయన సేతిలో పోనేదని రాయండి. ఆయన అక్కడికి ఎల్లకముందే పోనాడని రాయండి. పాపం, ఆ ఊసు మోస్తా తిరగతన్నాడేమో."

అరుగు మీద కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాశాను. నాలుగు నెలలకి జవాబొచ్చింది. బస్సెక్కి, బండెక్కి వెళ్ళి చదివి వినిపించాను. రెండే వాక్యాలు. "ఆమె నా గురించి ఆలోచించిందని మా అమ్మకి చెప్పాను. యుద్ధం అయిపోయినా ఆ పేరు అనుకుంటూనే ఉన్నాను." నూకాలమ్మ రెండుసార్లు చదివించుకుని, ఆ కాగితం నా దగ్గరే ఉంచమంది.

తేడాల పుస్తకం బళ్ళో పిల్లలకి నేనింకా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం వాళ్ళ తీరు, ఎదుటివాడి మనసు చూసి మాట మెత్తన చెయ్యడం మన తీరు అని ఒకప్పుడు రాసుకున్నాను. అది తప్పని కాదు. కానీ ఆ రోజు మెత్తటి మాట చెప్పింది నేను, నిజాన్ని భరించింది నూకాలమ్మ. తన దుఃఖం వచ్చి పడ్డాక వేల మైళ్ళ అవతలివాడి మనసు చూసింది కూడా ఆమే. దాన్ని ఏ దేశపు వరుసలో రాయాలో నాకు తెలియక పుస్తకం అలాగే మూసి ఉంచాను. ఇప్పటికీ మంచు పట్టిన పొద్దున్నల్లో ఆ తాటితలలు, నేను చూడని ఆ నది వంపు కలిసిపోయి కళ్ళ ముందుకొస్తాయి.

ఆ తీరానికి వెళ్ళదలచినవాళ్ళకి ఒక్క మాట. ఆ పల్లెలో ఎవరింటి ముందు కూర్చున్నా అడక్కుండానే మంచినీళ్ళిస్తారు. కాని మంచినీళ్ళ బావి ఇసుకలో మైలు దూరం, ఆడవాళ్ళు మోసుకురావాలి. మీకు కావలసిన నీళ్ళు భోగాపురంలోనే నింపుకుని, వాళ్ళ కోసం ఒక కూజా ఎక్కువ పట్టుకెళ్ళండి.